గవరయ్యకు మొదటి ఉత్తరం

ఉత్తరం నడిచి వచ్చే రోజులవి. తపాలా మనిషి సంచి భుజాన వేసుకొని, చేతికర్రకు గజ్జెలు కట్టుకొని, ఘల్లుఘల్లుమని పరుగెత్తే రోజులవి. మీరు లేరు, నేను లేను, మనకు ఈ కథ చెప్పినవాళ్ళూ లేరు. కథ మాత్రం ఉంది. మధ్యమధ్య ఊఁ కొడుతూ ఉండండి. ఊఁ ఆగితే నేను ఎక్కడిదాకా వచ్చానో నాకే తెలియదు.

సముద్రం ఒడ్డున ఒక రేవు ఊరు. ఊరికి ఒక పక్క ఓడలు, ఒక పక్క ఉప్పు మళ్ళు. అక్కడి ఉప్పు కొటారులో గోనె సంచులు కుట్టే మనిషి ఒకడుండేవాడు. పేరు గవరయ్య. చేతిలో దబ్బనం, నడుముకు పురికొస ఉండ, కొటారు పక్కన ఒక పాక. అంతే ఆస్తి. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, చదువు లేదు.

అలాంటి మనిషికి తపాలా బిళ్ళల పిచ్చి పట్టింది. ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. ఏ గాలికో కొట్టుకొచ్చిన కవరు మీద బొమ్మ చూసి మనసు పారేసుకున్నాడని కొందరు అంటారు. కాదు, ఓడ దిగిన సాయిబు ఒకాయన ఇచ్చాడని కొందరు అంటారు. రెండూ నిజమే అయి ఉండవచ్చు.

వారానికొకసారి సంత. ఆ రోజు కొటారు మూత. గవరయ్య పోస్టాఫీసు మెట్ల కింద ఇత్తడి పళ్ళెం నిండా నీళ్ళు పోసుకొని కూర్చునేవాడు. ఉత్తరం వచ్చినవాళ్ళు కాగితం బయటికి తీసుకొని కవరు అతనికిచ్చేవాళ్ళు. బిళ్ళ ఉన్న మూలను మాత్రం నీళ్ళలో ముంచి పట్టుకొనేవాడు. జిగురు నానేది, బిళ్ళ చేప పిల్లలా జారి నీళ్ళలోకి వచ్చేది. కవరు మూలను పంచె చెంగుతో అద్ది, రెండు చేతులతో తిరిగి ఇచ్చేవాడు.

"బిళ్ళ నాకు, కబురు నీకు" అనేవాడు.

ప్రతి కవరుకూ అదే మాట. బిళ్ళ నాకు, కబురు నీకు.

ఆరిన బిళ్ళలను పాత అట్టలు కలిపి దబ్బనంతో కుట్టిన పుస్తకంలో పెట్టేవాడు. ఆ పుస్తకం ఎవరు అడిగినా చూపించేవాడు. అడగనివాళ్ళను పిలిచి మరీ చూపించేవాడు. చదువు రాదు కాబట్టి చెప్పడానికేమీ ఉండదు, అందుకని అడిగేవాడు. "ఈ దొరసాని మెడలో గొలుసు ముత్యాలంటావా, గాజుపూసలంటావా?" అంతే, సంతకొచ్చినవాళ్ళు బేరాలు మరచిపోయి ముత్యాలని కొందరు, పూసలని కొందరు వాదించుకొనేవాళ్ళు. ఎండ పొద్దంతా అక్కడే గడిచిపోయేది. ఒకే బొమ్మ రెండోసారి వస్తే ఇష్టపడ్డవాళ్ళకు ఇచ్చేసేవాడు.

ఇలా ఉండగా ఒక సంత నాడు పైడితల్లి వచ్చింది. ఆమె పేరు బంగారమ్మ అని కూడా చెబుతారు. నేను పైడితల్లి అనే అంటాను. ఆమె మొగుడు నూకయ్య బర్మా రేవులకు తిరిగే ఓడలో కళాసి. ఏడాదికో రేవులో ఉంటాడు. ఆ రోజు అతని ఉత్తరం వచ్చింది.

"బాబూ, సదివి పెట్టండి" అని పోస్టుమాస్టరును అడిగింది.

"సంచులు చూసుకోనీ అమ్మా. ఒక గడియ ఆగు" అన్నాడు ఆయన.

ఆగమన్నాడు కదా అని ఆమె కాగితం రొంటిన దోపుకొని కవరు గవరయ్యకిచ్చింది. అప్పటికే అతని దగ్గర మరో రెండు కవర్లు ఉన్నాయి. అవి పొరుగూరివాళ్ళవి. మూడింటి మీదా ఒకటే బిళ్ళ, ఆకుపచ్చ రాజుగారి తల. మూడు కవర్లూ ఒకేసారి ముంచాడు. మూడు బిళ్ళలూ ఒకేసారి ఊడాయి. పళ్ళెంలో గిరగిరా తిరిగాయి. ఏది ఎవరిదో ఎవరు చూస్తారు? శుభ్రంగా ఉన్నది తను ఉంచుకొని, నల్లటి మసి ఎక్కువగా ఉన్న రెండూ ఇచ్చేశాడు. ఒకటి క్షవరం చేసే సూరన్నకు, ఒకటి ఉప్పు కొటారు ఏజెంటుగారికి. పొరుగూరివాళ్ళు బళ్ళు కట్టుకొని వెళ్ళిపోయారు.

అప్పుడు పోస్టుమాస్టరు బయటికి వచ్చి ఉత్తరం చదివాడు.

"పైడితల్లికి నూకయ్య రాయించేది. నాకు జ్వరం తగ్గలేదు. ఓడవాళ్ళు నన్ను ఇక్కడ దింపేసి వెళ్ళిపోయారు. ఇక్కడ ఆసుపత్రి వరండాలో పడి ఉన్నాను. నా భాష తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఈ ఉత్తరం రాసేవాడు, వాడూ రేపు వెళ్ళిపోతాడు. నీ తమ్ముణ్ణి వెంటనే పంపు. ఇక్కడే చూస్తూ ఉంటాను."

"ఇక్కడంటే ఎక్కడ బాబూ?" అంది పైడితల్లి.

పోస్టుమాస్టరు కాగితం తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. మూడోసారి తిప్పాడు.

"ఇక్కడంటే... ఇక్కడ అనే రాశాడమ్మా."

"ఇక్కడంటే ఎక్కడని గవరయ్య మావా?" అని ఆమె గవరయ్యను అడిగింది. అతనికేం తెలుసు! సంతలో అందరూ ఒకరినొకరు అదే అడిగారు. ఇక్కడంటే ఎక్కడ? మర్నాడు పొద్దున్నే బర్మా స్టీమరు. అది తప్పితే మళ్ళీ నెలకు గాని లేదు. అది రంగూనులో ఆగుతుంది, మోల్మేనులో ఆగుతుంది, అక్యాబులో ఆగుతుంది. తమ్ముడు ఎక్కడ దిగాలి? ఒక రేవులో దిగి వెతికి మరో రేవుకు పోయేసరికి ఆ జ్వరం మనిషి ఉంటాడా?

పోస్టుమాస్టరుకు అప్పుడు తట్టింది. "కవరు ఇటు ఇవ్వండి. ముద్ర ఉంటుంది" అన్నాడు.

చూశాడు. ముద్ర సగమే ఉంది. సగం గుండ్రంలో తారీకు ఉంది, ఊరు లేదు. ఊరు పేరున్న సగం బిళ్ళతో పాటు పోయింది.

"ముద్రలో ఊరుంటదా బాబూ?" అన్నాడు గవరయ్య. "నాను మసి అనుకున్నాను. ఇన్నేళ్ళూ మసి అనుకున్నాను. మసి తక్కువున్నదే మంచి బిళ్ళనుకున్నాను."

పైడితల్లి అతని ముఖంలోకి చూసింది. "బిళ్ళ నీకు, కబురు నాకు అన్నావు మావా. కబురు నీ బిళ్ళలోనే ఉండిపోనాది కదా!"

గవరయ్య పుస్తకం తెరిచి తన దగ్గరున్న ఆకుపచ్చ బిళ్ళ తీశాడు. పోస్టుమాస్టరు దాన్ని కవరు మీద జిగురు మరక దగ్గర పెట్టాడు. దాని మీది సగం ముద్రలో రంగూను అని ఉంది. కవరు మీది సగంతో గీత గీతకు కలవలేదు. ఇది కాదు.

గవరయ్య సూరన్న దగ్గరికి పరుగెత్తాడు. సూరన్న బిళ్ళను అప్పుడే అద్దం చట్రానికి అంటించేశాడు.

"ఏటి గవరయ్యా, ఇచ్చినోడివే లాక్కుంటావేటి? సూడు, రాజుగోరు నా అద్దంలో కూకుంటే బేరాలు ఎలాగొస్తన్నాయో!"

"సూరన్నా, మనిషి పేణం."

"బిళ్ళలో పేణమేటిరా?" అన్నాడు గాని, గవరయ్య ముఖం చూసి కత్తి పక్కన పెట్టాడు. పీకితే బిళ్ళ చిరుగుతుందని అద్దమే గోడ నుంచి దింపి నెత్తిన పెట్టుకొని బయలుదేరాడు. గడ్డం సగం గీయించుకున్న మనిషి ఒకడు సబ్బు నురగతో వెనకే పరుగెత్తాడు. "ఎక్కడికిరా? ఒరే, నా రెండో బుగ్గ!" అని అరుస్తూనే ఉన్నాడు.

పళ్ళెంలోని నీళ్ళు అద్ది బిళ్ళ ఊడదీశారు. మోల్మేను. గీత గీతకు కలవలేదు. ఇదీ కాదు.

ఇక మూడోది. రెండూ కావు కాబట్టి మూడోదే అయి ఉంటుందని మీరంటారు. పోస్టుమాస్టరూ అదే అన్నాడు. పైడితల్లి ఒప్పుకోలేదు. "ఏ బిళ్ళ ఎక్కడ పోనాదో ఎవులికి ఎరిక? గీత కలిస్తేనే నా తమ్ముణ్ణి ఓడెక్కిస్తాను" అంది.

ఏజెంటుగారి బంగళాకు గవరయ్య ఒక్కడే వెళ్ళాడు, పుస్తకం చంకన పెట్టుకొని. ఏజెంటుగారికీ బిళ్ళల సరదా ఉంది. తోలు అట్ట పుస్తకం, భూతద్దం, అన్నీ ఉన్నాయి. కాని గవరయ్య పుస్తకం మీదే ఆయన కన్ను. అంతకు ముందు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ గవరయ్య ఇవ్వనన్నాడు.

"ఆకుపచ్చ రాజుగారు కావాలా? సరే, నీ పుస్తకం అక్కడ పెట్టి పట్టుకుపో" అన్నాడాయన నవ్వుతూ.

గవరయ్య పుస్తకం బల్ల మీద పెట్టాడు.

ఏజెంటుగారు నవ్వు ఆపేశాడు. "ఒరే, నేను హాస్యానికన్నాను. ఇది ఊరూరా దొరికే బిళ్ళరా! దీనికోసం పుస్తకమంతా ఇస్తావేమిటి?"

"అందులో నూకయ్య ఉన్నాడు బాబూ" అన్నాడు గవరయ్య. బిళ్ళ అరచేతిలో పెట్టుకొని వెళ్ళిపోయాడు. ఏజెంటుగారు భూతద్దం పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. ఏ నూకయ్య? ఎందులో ఉన్నాడు?

పొద్దు వాలుతుండగా పోస్టుమాస్టరు మూడో బిళ్ళను కవరు మీద పెట్టాడు. గీతకు గీత కలిసింది. గుండ్రం మూసుకుంది. పైడితల్లికి అక్షరం ముక్క రాదు, అయినా ఆయన చదవక ముందే "ఇదే" అంది.

"అక్యాబు" అన్నాడు పోస్టుమాస్టరు.

ఆమె తమ్ముడు అక్యాబులో దిగాడు. మూడో నెలలో నూకయ్య కర్ర పట్టుకొని రేవులో దిగాడు. మనిషి పుల్లలా అయిపోయాడు గాని మనిషే.

ఏజెంటుగారు సంగతి తెలిసి తనే వచ్చి పుస్తకం తిరిగి ఇచ్చాడు. గవరయ్య దాన్ని తెరిచి సంతోషించలేదు. ఒక్కొక్క పేజీ తిప్పి బిక్కమొగం వేశాడు. "ఇన్నిట్లోనూ ఊళ్ళున్నాయా బాబూ? ఎవులెవుల్ని ఎక్కడెక్కడి నుంచి ఊడదీశానో!" అన్నాడు. ఆనాటి నుంచి ఆ పాత మాట అనడం మానేశాడు. ముందు ముద్ర చదివించి, ఊరి పేరు కవరు తెచ్చినవాళ్ళ చేత మూడుసార్లు పలికించి, అప్పుడే నీళ్ళలో ముంచేవాడు. పాత బిళ్ళల మీది ముద్రలను ఏజెంటుగారు సంతకొక పేజీ చొప్పున చదివేవాడు. ఆయన ఊరు చెబితే, ఆ బిళ్ళ ఏ ఇంటి నుంచి వచ్చిందో గవరయ్య గుర్తు తెచ్చుకొనేవాడు. కొన్ని గుర్తొచ్చాయి. కొన్ని రాలేదు. రానివాటి ముందు చాలాసేపు కూర్చునేవాడు.

చాలా ఏళ్ళకు గవరయ్య చనిపోయాడు.

"ఎవరికి కబురు పంపాలి? ఏ ఊరు ఇతనిది?" అన్నాడు అప్పటి పోస్టుమాస్టరు.

ఎవరికీ తెలియదు. దక్షిణాది నుంచి వచ్చాడన్నాడు సూరన్న. కొండల వైపు అన్నాడు నూకయ్య. ఉప్పు మళ్ళలోనే పుట్టాడన్నారు ఇంకొకరు. పుస్తకం తీసి వెతికారు. అతనికి వచ్చిన ఉత్తరం బిళ్ళ ఒక్కటైనా ఉంటే ముద్ర చదవవచ్చని మొదటి నుంచి చివరిదాకా వెతికారు. అన్నీ వాళ్ళవే. అందరి ఇళ్ళ బిళ్ళలూ ఉన్నాయి, అతనిది లేదు. అతనికి ఎవరూ ఎప్పుడూ ఒక ఉత్తరం ముక్క రాయలేదు.

పైడితల్లి అప్పటికి ముసలిది. అది విని తట్టుకోలేకపోయింది. ఆ వయసులో పలక తెచ్చుకొని, వేళ్ళు వంగకపోయినా దిద్దుకొని, మూడు నెలలకు ఒక ఉత్తరం రాసింది. పైన గవరయ్య పేరు. లోపల తమ ఊరి పేరు. ఇంకేమీ రాయడం ఆమెకు రాలేదు. బిళ్ళ అంటించి డబ్బాలో వేసింది. తపాలా మనిషి దాన్ని పట్టుకొని ఊరంతా తిరిగాడు. ఏ గుమ్మంలో వేయాలో తెలియక తిరిగి పోస్టాఫీసులోనే పెట్టాడు.

ఇప్పటికీ ఆ వైపు ఎవరికి కొత్తగా రాయడం వచ్చినా, చిన్నవాళ్ళైనా ముసలివాళ్ళైనా, మొదటి ఉత్తరం గవరయ్యకే రాస్తారు. లోపల ఊరి పేరు ఒక్కటే రాస్తారు. కొత్త పోస్టుమాస్టరు వచ్చినప్పుడల్లా కంగారు పడతాడు. ఎవరీ గవరయ్య, ఇన్ని ఉత్తరాలేమిటి, పంపినవాళ్ళకు తిప్పి పంపనా అని అడుగుతాడు. ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. ఆయనకు ఏదీ అర్థం కాదు. అయినా ముద్ర మాత్రం పూర్తిగా, గుండ్రంగా, ఊరి పేరు స్పష్టంగా కనబడేలా వేసి పక్కన పెడతాడు.

నాకు అక్షరాలు నలభయ్యో ఏట వచ్చాయి. నేనూ రాశాను. ఏ రోజో, ఏ రంగు బిళ్ళో గుర్తు లేదు. ఊరి పేరు మాత్రం రాసే ఉంటాను.