పికిలమ్మ పోయొస్తా పాట

అనగనగా ఒక అడవి. అడవన్నాక చెట్లుంటాయి, చెట్లన్నాక పిట్టలుంటాయి, పిట్టలన్నాక గోలుంటుంది. ఆ గోలలోనే, ఒక రేగుచెట్టు మీద, పికిలమ్మ అనే పికిలిపిట్ట కాపురం ఉండేది. దానికి ముగ్గురు పిల్లలు.

ముగ్గురేగా అనుకునేరు! ఒకడికి పెడితే ఇంకొకడు నోరు తెరుస్తాడు, వాడికి పెడితే మూడోవాడు. మగపిట్ట ఊరికే కూర్చునే రకం కాదు పాపం, దానికీ పొద్దస్తమానం పురుగుల వేటే. అయినా ఆ నోళ్లు మూతపడితేనా!

పికిలమ్మ గొంతులో ఒక పాట ఉంది. ఎవరూ నేర్పింది కాదు, సొంత పాట. పాడదామని గొంతు సవరించుకుంటుందా, "అమ్మా, ఆకలి!" అని కేక. అంతే, పాట పరారు.

ఆ ఏడు పక్షిరాజు గద్ద చాటింపు వేయించాడు. "వసంత సభలో సొంత పాట పాడి మెప్పించినవారిదే ఈ ఏటి వేకువ పాట!" వేకువ పాటంటే మాటలా? అడవంతా దానితోనే నిద్ర లేస్తుంది.

పికిలమ్మకు అమ్మ గుర్తొచ్చింది. వాళ్లమ్మ గొంతులోనూ ఒక పాట ఉండేది. "తీరిక దొరకనీవే, పాడతాను" అంటూ అంటూనే కన్నుమూసింది. ఆ పాటేమిటో ఎవరికీ తెలియలేదు.

"నా పాటా అలాగే పోతుందా?" అని పికిలమ్మకు ఏడుపొచ్చింది. "ఊహూఁ, పోనివ్వను" అనుకుంది. తీరిక ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని బయల్దేరింది.

మొదట నెమలి మామను అడిగింది. "మబ్బు పట్టేదాకా నేను ఆగడంలేదూ? నువ్వూ పిల్లలు పెద్దయ్యేదాకా ఆగవే కోడలా" అన్నాడు నెమలి.

"వీళ్లు ఎగిరిపోతే మళ్లీ గుడ్లు పెట్టనూ? మా అమ్మా అలాగే ఆగింది మామా" అంది పికిలమ్మ.

చీమ పెద్దమ్మను అడిగింది. "పనంతా అయ్యాక పాడుకోవే" అంది చీమ.

"మరి నీ పని ఎప్పుడైంది పెద్దమ్మా?"

"ఇంకా కాలేదే" అని చీమ గింజ నెత్తినెట్టుకుని పోయింది.

ఆఖరికి కోయిలక్క దగ్గరికెళ్లింది. ఏటా వేకువ పాట దానిదే. "పిచ్చిదానా! గుడ్లు కాకమ్మ గూట్లో పెట్టేసి నేను హాయిగా పాడుకోవడం లేదూ? నీ పిల్లల్నీ అక్కడే పడెయ్!"

"వద్దక్కా. నాకు పిల్లలూ కావాలి, పాటా కావాలి" అని పికిలమ్మ ఇంటిదారి పట్టింది.

దారిలో గొంగళిపురుగు దొరికింది. ముక్కున కరచుకుంది. అప్పుడే పాట గుర్తొచ్చింది, నోట్లోనేమో పురుగు! పిల్లలకు పెట్టి మళ్లీ ఎగిరింది. కొంత దూరం పోయాక దానికి తట్టింది.

"ఓసి నా తెలివీ! నోరు నిండుగా ఉండేది వచ్చేటప్పుడు కదా. పోయేటప్పుడు ఖాళీయే!"

ఇక చూడండి దాని పట్టు. పోయినప్పుడల్లా పాటే. ఒక్కోసారి ఒక్క మాటే కుదిరేది, తిరిగొచ్చేసరికి అదీ మరిచిపోయేది. మళ్లీ పోతూ వెతుక్కునేది. పోతూ కట్టిన పాట కదా, పోయే మాటలే వచ్చాయి.

"పోయొస్తా కొమ్మమ్మా, పిల్లలు భద్రం!
గాలొస్తే ఊపమ్మా, ఎండొస్తే గొడుగమ్మా!"

ముగింపు మాత్రం కుదరలేదు. ఇంతలో సభ రానే వచ్చింది.

"సగం పాటతో సభకా?" అని కాకి వెక్కిరించింది.

"సగమైనా నాదే" అంది పికిలమ్మ.

సభ రేగుచెట్టు పక్కనే. కోయిల పాడింది, తియ్యగానే, ఏటా పాడే పాటే. తరవాత పికిలమ్మ లేచి తన రెండు ముక్కలూ పాడి ఆగింది. సరిగ్గా అప్పుడే గూట్లోంచి కేక: "అమ్మా, ఆకలి!"

సభంతా గొల్లుమంది. "పోవమ్మా పో, ఇంటిపని పిలుస్తోంది!" అంది కాకి.

పికిలమ్మ గూటివైపు చూసింది. గొంతెత్తింది.

"ఆకలని ఏడిస్తే, అమ్మొస్తోందని చెప్పమ్మా!"

పాట పూర్తయింది. మెప్పు కోసం పికిలమ్మ ఆగలేదు, పురుగు కోసం ఎగిరిపోయింది. నవ్వులన్నీ ఆగిపోయాయి. వెక్కిరించిన కాకమ్మే కళ్లు తుడుచుకుంది. ఎవరి పిల్లలో తెలియకుండానే అందర్నీ పెంచిన తల్లి మరి!

"వేకువ పాట పికిలమ్మదే" అన్నాడు పక్షిరాజు. "ఎలాగూ ఆ వేళకు లేచి ఉండేదీ అదే!"

మర్నాటి నుంచి అడవి ఆ పాటతోనే లేచింది. పికిలమ్మ పిల్లలకు అది నోటికొచ్చేసింది కూడా. ఈసారి పాట గొంతులో ఉండిపోలేదు.

కాబట్టి పిల్లలూ, మీ అమ్మ వంటింట్లో కూనిరాగం తీస్తుంటే "అమ్మా, ఆకలి" అనండి, తప్పులేదు. కాకపోతే ఆ చరణం అయ్యాక అనండి.

తీరిక దొరికేది కాదు, చేసుకునేది.