లోయ మలుపులో దించిన పల్లకీ

అనగనగా బండరాళ్ళ మధ్య ఓ బోయీల పల్లె ఉండేదే, బుజ్జీ. దొర పల్లకీ మోయడం వాళ్ళ పని. ముందు నడిచే పెద్దబోయీ "ఓహోం" అంటేనే మిగతా కాళ్ళు కదిలేవి. ఆ పెద్దబోయీ నాగన్న. అతని కూతురు పోలేరమ్మ, దొర తాగే నీళ్ళ కూజా పట్టుకుని పల్లకీ పక్కనే పరిగెత్తేది.

ఒక ఎండాకాలం బోయీలు, "మిట్టమధ్యాహ్నం మొయ్యలేం దొరా" అన్నారు. అంతే! దొర వాళ్ళ బావికి ఇనప మూత వేయించి తాళం బిగించాడు. ఆ బావి తవ్విందెవరు? బోయీల తాతలే! పాపిష్టివాడు!

అప్పుడు నాగన్న వెళ్ళి చేతులు జోడించాడు. దొర కుక్కల్ని ఉసిగొల్పాడు. ఆ తర్వాత పోలేరమ్మ మొగుడు వెళ్ళి దొర గడ్డివాముకు నిప్పు పెట్టాడు. దొర మనుషులొచ్చి గుడిసెలన్నీ తగలబెట్టి, అతని కాలు విరగ్గొట్టి పోయారు.

పోలేరమ్మ కడుపు రగిలిపోయింది. "లోయ మలుపులో పల్లకీ వదిలెయ్ నాయనా. పీడ విరగడవుతుంది" అంది.

"వాడు పోతే వాడి కొడుకొస్తాడు. కాల్చడానికి గుడిసెలు కూడా లేవు. ఈసారి మనుషులనే కాలుస్తారు" అన్నాడు నాగన్న.

"అయితే మళ్ళీ దణ్ణం పెడతావా?"

నాగన్న లేచి మిగతా బోయీల దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు మండుటెండలో పల్లకీ లేచింది. లోయ మలుపు వచ్చింది. పోలేరమ్మ నాయన వైపే చూసింది. అప్పుడు నాగన్న "ఓహోం" అనడం మానేశాడు. కాళ్ళన్నీ ఆగిపోయాయి. బోయీలు పల్లకీని మెల్లగా కింద దించి కూర్చున్నారు.

ఆ లోయలో దొర మనుషులొక్కరూ లేరు. దొర తిట్టాడు. బెదిరించాడు. ఆ తర్వాత బతిమాలాడు. ఒక్కరు లేస్తే ఒట్టు! పోలేరమ్మ కూజాలో నీళ్ళన్నీ బోయీల దోసిళ్ళలో పోసేసింది. దొరకి చుక్క మిగల్చలేదు.

"తాళం తీస్తాను, మొయ్యండర్రా!" అన్నాడు దొర.

"తాళం బావి దగ్గరుంది. నడిచి రా" అంది పోలేరమ్మ.

నడిచాడే! పుట్టి బుద్ధెరిగాక నడవని మనిషి, కుంటుకుంటూ రెండు కోసుల దూరం నడిచాడు. మొలలోని తాళంచెవితో తన చేత్తోనే తాళం తీశాడు.

పోలేరమ్మ మొదటి చేద తోడి మొగుడి నోటికి అందించింది. అప్పుడు దొర కూడా దోసిలి పట్టాడు. నాగన్న పోశాడు. పోలేరమ్మ మొహం తిప్పుకుంది. ఆమె కోపం చల్లారలేదు. ఎందుకు చల్లారాలి? విరిగిన కాలు మళ్ళీ మునుపటిలా నడుస్తుందా? నేనైనా పోసేదాన్ని కాదు. నువ్వైతే పోస్తావా? పొద్దున లేచి చెబుదువుగాని.

కథేమో కంచి బాట పట్టె,
కడవేమో మనింటి బాట పట్టె,
మా బుజ్జి కళ్ళకు నిద్ర పట్టె.