బాదం ఆకు మీద అడుగు

పంటకాలువ గట్టున బాతుల దొడ్డి. దాని గోడకంతలో కాపలా ఉడుత పిచ్చమ్మ ఉండేది. ఆ కంత ఎంతంటే, తోక లోపల పెడితే మూతి బయట పెట్టుకోవాలి. ఇక ఏదైనా దాచే చోటేది? అందుకే గుమ్మంలోని తడిమట్టి దాటగానే ఒక బాదం ఆకు పరిచేది. అటూ ఇటూ తిరిగొచ్చేసరికి దానిమీద అడుగు పడి ఉంటే, ఎవరిదని చూడకుండా కాలువలో వదిలి, కొత్తది పరిచేది. దిగువన లాకు దగ్గర తాబేలు కూర్మయ్య వాటిని ఏరి, వచ్చిన వరుసలో ఎండబెట్టేవాడు.

"నా గుమ్మంలో నా అడుగే పంపుతావుటే?" అంది బాతు మంగమ్మ.

"ఎవరినీ నమ్మను అత్తా. ఏమనుకోకు."

"ఇంతకీ అవి చేరుతున్నాయో, మునుగుతున్నాయో!"

పిచ్చమ్మకూ అదే బెంగ. ముట్టినట్టు కూర్మయ్య ఒక్కసారీ కబురంపలేదు.

ఒకరోజు పొద్దున్నే మేతకెళ్ళిన మంగమ్మ తిరిగొచ్చేసరికి ఐదు గుడ్లూ మాయం. ఆమె ఘొల్లుమంది. పిలవకుండానే ముంగిస వీరన్న పరుగెత్తుకొచ్చాడు. పాముల్ని చంపేవాడని అతనంటే అందరికీ గౌరవం. పిలవకుండా ఎందుకొచ్చాడని పిచ్చమ్మకు అనుమానం.

"పాము పనే! నేను వారం రోజులుగా ఇటు రాలేదు, వస్తే ఇలా జరిగేదా? ఈ ఉడుతను కంతలోంచి వెళ్ళగొట్టి కాపలా నాకప్పగించండి" అన్నాడు.

"గుమ్మంలో అడుగులు చూద్దాం" అంది పిచ్చమ్మ.

మట్టి నిండా గొర్రెల గిట్టలే. ఇందాక ఎవరో బెదిరిస్తే మంద గుమ్మం తొక్కుకుంటూ పోయింది.

"చూడు, బాగా చూడు" అని నవ్వాడు వీరన్న.

"లాకు దాకా రా బాబాయ్" అంది పిచ్చమ్మ. పైకి ధీమాగానే అంది గానీ, ఆకు మునిగిపోయి ఉంటే ఆ కాస్త గూడూ పోయినట్టే.

కూర్మయ్య తీరిగ్గా మెడ చాచాడు. "పొద్దున మూడొచ్చాయి. మొదటిది బాతు అడుగు. చివరిది గొర్రె గిట్ట. మధ్యదాని మీద ఒకే పంజా రెండుసార్లు పడింది. లోపలికి పోయేటప్పుడు మట్టితో, బయటికి వచ్చేటప్పుడు పచ్చసొనతో. వీరన్నా, నీ కాలు ఇలా పెట్టు."

వీరన్న ఆకు వంక చూశాడు, తన కాలి వంక చూసుకున్నాడు, పొదల్లోకి లంకించుకున్నాడు. వెనకే మంగమ్మ ముక్కు చాచి తరిమింది.

"ముట్టిందని ఒక్క మాటైనా చెప్పవేం మామా?" అంది పిచ్చమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"ఏరుకోడానికే తీరిక లేదే తల్లీ!"

నీతి: దొంగ తొక్కించగలిగిన చోట సాక్ష్యాన్ని ఉంచకూడదు.