ఎదురుకాలు

ఎల్లాజీ మాస్టారికి ఒక అలవాటుంది. ఒడ్డు మీద అడిగిన ప్రశ్నకి ఒడ్డు మీద జవాబు చెప్పరు. "పద, నీళ్లలో చూద్దాం" అంటారు, అంతే. కొత్తగా వచ్చినవాళ్లు పాపం ఈయనకి తెలీదు కాబోలు అనుకుంటారు. విశాఖకి పైనున్న మా రిజర్వాయరులో వేక్‌బోర్డు నేర్పేది ఆయన ఒక్కరే. రెండు కాళ్లూ పలకకి బిగించుకుని, పడవ తాడు పట్టుకుని, ఒక పక్కకి తిరిగి నిలబడి నీటి మీద జారే ఆట అది. పడవలో వెనక్కి తిరిగి కూర్చుని, తాడు చివరి మనిషి లేచాడో పడ్డాడో డ్రైవరుకి చెప్పడం నా పని. కాబట్టి ఇది నేను కళ్లారా చూసిందే, ఎవరో చెప్తే విన్నది కాదు.

హైమ అనే అమ్మాయి ఆయన దగ్గర మూడేళ్లుగా నేర్చుకుంటోంది. ఎడమకాలు ముందుంటే ఆ పిల్లకి ఎదురు లేదు. కుడికాలు ముందు పెట్టి వెళ్లమంటే మాత్రం సగం దూరంలో పలక గిర్రున తిరిగిపోయి మళ్లీ ఎడమకాలే ముందుకొచ్చేది, లేకపోతే మనిషి నీళ్లలో తేలేది. ఇలా అలవాటు లేని కాలు ముందుంచి వెళ్లడాన్ని మేం ఎదురుకాలు అంటాం. జూనియర్ల రాష్ట్ర జట్టులోకి రావాలంటే సెలక్షన్‌లో పోయేటప్పుడు ఒక కాలు, వచ్చేటప్పుడు రెండో కాలు ముందుంచి వెళ్లాలి. కిందటేడు హైమ ఓడిపోయింది అక్కడే. ఈ ఏడు కూడా పోతే ఇంక వయసు దాటిపోతుంది. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు, మా అందరికీ తెలుసు.

పలక అడుగున రెండు చివర్లా చిన్న రెక్కల్లాంటి ఫిన్‌లు బిగిస్తారు. పొడుగు ఫిన్ పెడితే పలక తిన్నగా పోతుంది, పొట్టిది పెడితే సులువుగా తిరుగుతుంది. హైమ మొదట్నుంచీ వెనక పొడుగుది, ముందు పొట్టిది పెట్టేది. ఎదురుకాలు వేసినప్పుడు ఆ పొడుగుదే ముందుకొచ్చి పలకని మెలిపెడుతోందని ఎవరో చెప్పారు. అందులో అబద్ధం లేదు. రెండు చివర్లా సమానమైనవి పెట్టింది. అయినా పలక తిరిగింది. ఇంకా పొడుగువి పెట్టింది, పొట్టివి పెట్టింది, వెడల్పువి ఎక్కడి నుంచో తెప్పించింది. ఒడ్డు మీద నిలబడ్డ ప్రతివాడూ ఓ సలహా పారేసేవాడు. ఆ పిల్ల నీళ్లలో కంటే స్క్రూడ్రైవరు పట్టుకుని ఒడ్డు మీదే ఎక్కువ కనిపించేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నేను లోపల విసుక్కునేవాణ్ణి.

కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే ఫిన్‌ల డబ్బా తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

"మాస్టారూ, ఎదురుకాలికి ఏ ఫిన్ పనికొస్తుందో మీరైనా చెప్పండి. అదే బిగించుకుంటాను. ఇంక మార్చను."

మాస్టారు స్క్రూడ్రైవరు అడిగి తీసుకున్నారు. పలకకున్న ఫిన్‌లన్నీ ఊడదీసి డబ్బాలో పడేసి, ఆ డబ్బా తన స్కూటరు డిక్కీలో పెట్టి తాళం వేశారు. తర్వాత ఆయన అన్నది మీకు తెలిసిందే.

ఫిన్ లేని పలక తడిసిన సబ్బుముక్క. హైమ ఎదురుకాలు వేసి లేచింది, పడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. అది మేం అనుకున్నదే. ఉక్రోషం వచ్చి ఎడమకాలు ముందుకు వేసింది, అలవాటైన కాలితోనైనా నాలుగు గజాలు వెళ్లి పరువు దక్కించుకుందామని. దాంతోనూ పడింది. నీళ్లలో అలాగే తేలుతూ ఉండిపోయింది. ఆ మొహం చూస్తే నాకు నిజంగా జాలేసింది.

పడవ దగ్గరికి పోనిచ్చాక, నా పక్కనున్న మాస్టారిని ఒక్క మాట అడిగింది. "మూడేళ్లూ నన్ను నిలబెట్టింది ఫిన్‌లేనా, మాస్టారూ?"

ఇది నీళ్లలో అడిగిన ప్రశ్నే. అయినా మాస్టారు తాడు పిడి మళ్లీ ఆమె చేతికి అందించారు.

ఆ రోజు నుంచి ఆ పిల్ల పట్టిన పట్టు ఇంతా అంతా కాదు. ఎడమకాలితో ఎంత దూరమో కుడికాలితోనూ అంతే దూరం. ఒకటి చక్కగా వస్తోంది కదా అని దానికి ఎక్కువ సేపు పెట్టేది కాదు. మోకాళ్లు కమిలిపోయాయి. వాళ్లమ్మ వచ్చి మాస్టారిని నాలుగు దులిపి వెళ్లింది. ఒడ్డు మీది సలహాదారులు నవ్వారు. హైమ మాత్రం మడమ ఎంత నొక్కితే పలక నిలుస్తుందో, వేళ్లు ఎంత నొక్కితే తిరుగుతుందో పడి పడి తెలుసుకుంది. ఒకనాడు తనకి తానే ఇంకోటి కనిపెట్టింది. కుడికాలు ముందుంచి వెళ్తున్నా గడ్డం మాత్రం పాత భుజం వైపే తిరిగి ఉండేదట. చూపు ఎటుంటే పలకా అటే పోయేది. గడ్డం తిప్పుకోవడానికి ఆ పిల్లకి పుష్యమాసమంతా పట్టింది.

మాఘంలో సెలక్షన్ వచ్చింది. మాస్టారు డబ్బా తిరిగి ఇచ్చేశారు. హైమ చేతికి దొరికిన పొట్టి ఫిన్‌లు రెండు చివర్లా బిగించి, మూత పెట్టేసి లేచింది. ఎవరో అవి కాదమ్మా అంటూనే ఉన్నారు, అప్పటికి ఆ పిల్ల నీళ్లలో ఉంది.

ఆ రోజు పడవ నడిపిందీ, నా చోట కూర్చుందీ సెలక్షన్ వాళ్ల మనుషులే. నేను మాస్టారి పక్కన ఒడ్డున నిలబడ్డాను. పోయేటప్పుడు బాగానే వెళ్లింది. వచ్చేటప్పుడు, ఎప్పుడూ పలక తిరిగిపోయే ఆ నడిమధ్యలోనే, వేరే పడవ తాలూకు అల అడ్డంగా వచ్చి తగిలింది. పలక ఒణికింది. హైమ మోకాళ్లు వంచింది, గడ్డం కదపలేదు. అల కింద నుంచి వెళ్లిపోయింది, ఆ పిల్ల మా ముందు నుంచి వెళ్లిపోయింది. పక్కనే ఉన్న మా డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ ఎండ పొడుస్తోందన్నాడు.

కాసేపటికి జడ్జీ గారు మా దగ్గరికి నడిచి వచ్చారు. పెద్దాయన, ఊరికి కొత్త.

"అమ్మాయిని జట్టులోకి తీసుకున్నాం, మాస్టారూ. ఒక్క సందేహం ఉండిపోయింది. పోయేటప్పుడూ చూశాను, వచ్చేటప్పుడూ చూశాను. ఇంతకీ ఆ రెండిట్లో ఈ పిల్లకి ఎదురుకాలు ఏది?"

మాస్టారు హైమ వంక చూశారు.

"కార్తీకంలో అడిగుంటే చెప్పేవాణ్ణండీ" అన్నారు.