పంతొమ్మిది ఖాళీ గళ్ళు

వకుళమ్మ గారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, ఇప్పుడు కొత్త పంతుళ్ళకి పాఠం చెప్పడం నేర్పుతున్న ఆవిడ దగ్గరికి ఓ శనివారం సాయంత్రం శిష్యుడు కోదండం పుస్తకాల కట్టతో పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఏ పనికి ఎంతసేపు పట్టిందన్న లెక్క పిల్లలకి ఎలా నేర్పాలి? సోమవారం ఇన్‌స్పెక్టరు నా క్లాసులో కూర్చుంటాడు. ఆ పాఠం చెడితే నా ఉద్యోగం ఖాయం కాదు."

నిజానికి కోదండం చేతకానివాడేం కాదు. ఏడూ యాభై నుంచి ఎనిమిదీ పదిహేనుకి ఎంతసేపంటే మామూలు తీసివేత చేసి అరవై ఐదు నిమిషాలని రాసే పిల్లల్ని, "ముందు ఎనిమిది దాకా వెళ్ళండి, అక్కడ ఊపిరి పీల్చుకుని మిగతాది నడవండి" అని గట్టెక్కించాడు. ఆ ధీమాతోనే, ఇంట్లో ఒకరి పని చూసి, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎంతసేపు పట్టింది రాసుకురమ్మన్నాడు. నాన్న గడ్డం గీసుకోవడం రాసినవాళ్ళకి ఇరవై ఐదు నిమిషాలని చక్కగా వచ్చింది. అమ్మ వంటింటి పని రాసిన పంతొమ్మిది మంది మాత్రం ముగింపు గడి ఖాళీగా వదిలేశారు. పంతొమ్మిదికీ ఎర్ర సున్నాలు చుట్టాడు.

వకుళమ్మ గారు పుస్తకాలు తిరగేసి, "ఇవి ఇక్కడే ఉండనీ. రేపు ఆదివారమేగా, అమ్మల లెక్క నువ్వూ మీ ఇంట్లో చేసుకురా" అన్నారు.

ఆదివారం కోదండం ఐదున్నరకే అలారం పెట్టుకుని లేచాడు. అప్పటికే స్టవ్ మీద పాలు పొంగాయి.

"ఎన్నింటికి లేచావు?" అని భార్య హైమని అడిగాడు.

"గడియారం మీ దిండు కింద పెట్టుకుంటే నాకేం తెలుస్తుంది?"

మొదలు గడి అలా పోయింది. పోనీ ముగింపైనా పట్టుకుందామని వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. కూర్చుని చూడటం కూడా పనే అని అతని నమ్మకం. టిఫిను గిన్నెలు కడగడం అయింది. తొమ్మిదీ ఇరవై అని రాశాడు. రాసిన అలసటకి కాఫీ అడిగాడు. రాసింది కొట్టేశాడు. భోజనాలయ్యాయి. రెండుంబావు అని రాశాడు. ఎదురింటాయన వస్తే, "హైమా, రెండు టీలు!" అని తనే కేకేశాడు. మళ్ళీ కొట్టేశాడు. ఐదింటికి ఆవిడ గట్టు తుడిచేసరికి, ఇహ దొరికిందనుకుని కలం తీశాడు. హైమ నానిన మినప్పప్పు గ్రైండర్లో వేసింది.

"అదెందుకిప్పుడు?"

"రేపటి ఇడ్లీలకి."

"అయితే ఇది ఇవాళ్టి పనా, రేపటి పనా?"

"లెక్కల మాస్టారు మీరు. ఏ తారీఖు కింద వేసుకుంటారో వేసుకోండి. ఆ కుర్చీ మాత్రం కాస్త జరపండి, పిండి చిందింది, తుడవాలి."

సోమవారం బడికి పోయేముందు, కొట్టివేతలతో నల్లబడ్డ కాగితం తెచ్చి వకుళమ్మ గారి ముందు పెట్టాడు.

"జవాబేదీ?"

"మొదలు చూడలేదు, ముగింపు చిక్కలేదు. జవాబెలా వస్తుందమ్మా?"

ఆవిడ పంతొమ్మిది పుస్తకాలూ అతని వైపు జరిపారు. కోదండం చెవులు తను చుట్టిన సున్నాల కంటే ఎర్రబడ్డాయి.

"పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఈ గళ్ళు ఖాళీగా ఉన్నాయేమని అడిగితే ఏం చెప్పను?"

"పొద్దున కాఫీ తాగే వచ్చావా?"

"తాగానమ్మా."

"గ్లాసు?"

తాగి కిటికీలో వదిలేసి వచ్చిన ఎంగిలి గ్లాసు కోదండం కళ్ళముందు కదిలింది.

"అదే చెప్పు" అన్నారు వకుళమ్మ గారు. "లెక్క ఇంకా నడుస్తోందని."