అన్నదమ్ముల గడ్డి వంతెన

అనగనగా ఒక ఊరు కాదు బుజ్జీ, రెండు ఊళ్ళు. సముద్రాల అవతల, పెరూ అనే దేశంలో, ఆండీస్ కొండల్లో ఉన్నాయి. ఈ కొండ మీద ఒక ఊరు, ఆ కొండ మీద ఒక ఊరు. మధ్యలో లోతైన లోయ. అడుగున ఏరు ఉరుకుతూ ఉంటుంది. ఇటు నిలబడి కేకేస్తే అటు వినిపిస్తుంది. కానీ నడిచి వెళ్ళాలంటే కొండలన్నీ చుట్టి, దారిలో పడుకుంటూ లేస్తూ పోవాలి.

అందుకని ఆ ఊళ్ళవాళ్ళు లోయ మీద వంతెన వేసుకున్నారు. ఇనుముతో కాదు, రాతితో కాదు, గడ్డితో. నవ్వకు, నిజంగా గడ్డితోనే. ఆ కొండల మీద పొడుగ్గా, మొండిగా ఒక గడ్డి పెరుగుతుంది. ఆడవాళ్ళు దాన్ని కోసి, నానబెట్టి, రాయితో నలగ్గొట్టి, అరచేతుల మధ్య పేని సన్నతాళ్ళు చేస్తారు. అప్పుడు మగవాళ్ళు ఆ సన్నతాళ్ళని కలిపి లావుతాళ్ళు పేనుతారు. ఆ తర్వాత లావుతాళ్ళని, నీకు జడ వేస్తానే అలాగ, అల్లి పెద్ద పెద్ద మోకులు చేస్తారు. ఆ మోకుల మీద మనుషులు నడుస్తారు, లామాలు నడుస్తాయి. లామా అంటే పొడుగు మెడ ఉన్న గొర్రెలాంటిది. కాస్త పొగరుగా చూస్తుంది.

ఎంతైనా గడ్డే కదా. ఏడాది తిరిగేసరికి ఎండకీ వానకీ జీవం పోతుంది. కాబట్టి ఏటా కొత్త వంతెన అల్లాల్సిందే. ఆ పని ఒక్క ఒడ్డు నుంచి అయ్యేది కాదు. ఇటునుంచి ఒక మేస్త్రి, అటునుంచి ఒక మేస్త్రి మోకుల మీద కూర్చుని అల్లుకుంటూ వచ్చి, లోయ నడిమధ్యలో కలుసుకోవాలి.

అటు ఊళ్ళో మేస్త్రి పేరు సించి. ఇటు ఊళ్ళో మేస్త్రి మైతా. మైతా సించికి స్వయానా తమ్ముడే. ఇటు ఊరి పిల్లని పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయాడు. ఇద్దరికీ పని నేర్పింది వాళ్ళ నాన్నే.

అలాంటిది, ఒక ఏడు వంతెన అల్లుతుంటే సించి కట్టిన ముడి ఒకటి జారింది. మైతా అది చూసి, "ఏమిటన్నయ్యా, చంటిపిల్లలు కట్టినట్టు కట్టావు" అని నవ్వాడు. రెండొడ్డుల మీదా ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. సించి ముడి విప్పి మళ్ళీ కట్టి, పని ముగించి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు.

మళ్ళీ ఏడాది వచ్చింది. పంటలు ఇళ్ళకి చేరాయి. ఆడవాళ్ళు తాళ్ళు పేనడం మొదలుపెట్టారు. అప్పుడు మైతా లామాలు తోలుకెళ్ళే మనిషితో అన్నకి కబురు పెట్టాడు, పని ఎప్పుడు మొదలుపెడదామని. "నాకు తీరిక లేదని చెప్పు" అన్నాడు సించి.

అప్పుడు మైతా కొత్త బంగాళాదుంపల మూట కట్టి ఆ మనిషి చేతే పంపించాడు. సించి మూట తీసుకున్నాడు. "దుంపలు బాగున్నాయి. వంతెన సంగతి మాత్రం నన్నడగొద్దన్నానని చెప్పు" అన్నాడు.

ఇక మూడోసారి మైతా తనే బయల్దేరాడు.

పాత వంతెన అప్పటికే ఒక పక్కకి వాలిపోయి ఉంది. ఊళ్ళోవాళ్ళు లామాలని దాని మీదికి తోలడం మానేశారు. మైతా మెల్లిగా నడిచాడు. నడుమకి వచ్చేసరికి పట్టుకున్న తాడు పుటుక్కున తెగింది. కాలు గడ్డిలోంచి కిందికి దిగబడింది. కింద ఏరు కనిపించింది. మైతా ఊపిరి బిగబట్టి, కాలు పైకి లాక్కుని, మోకాళ్ళ మీద పాకుతూ అవతలి ఒడ్డుకి చేరాడు. చేరాక వెనక్కి తిరిగి వంతెన వైపు చూశాడు. ఇంకొక్క వాన పడితే ఇది నిలవదు అనుకున్నాడు.

సించి ఇంటి ముందు ఎండలో కూర్చుని తాడు పేనుతున్నాడు. మైతా ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. సించి తలెత్తి తిన్నగా అతని మొహంలోకే చూశాడు. చూసి, "ఎవరూ?" అన్నాడు.

అప్పుడు లోపల్నుంచి వదిన వచ్చింది. ఆవిడ పేరు వాయ్తా. మరిదిని చూసి, ఆ పక్కనే కూర్చుని మెల్లిగా చెప్పింది. "మీ అన్నయ్యకి రెండేళ్ళుగా చూపు తగ్గుతోందయ్యా. ఇప్పుడు మనిషి ఆకారం తెలుస్తుంది గానీ మొహం తెలీదు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇంక దాచి లాభం లేదు."

మైతాకి ఆ రోజు నవ్విన నవ్వు గుర్తొచ్చింది. అన్న కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నాకు తెలీదన్నయ్యా. తెలిస్తే అలా నవ్వేవాణ్ణి కాదు."

"నువ్వు నవ్వావని కాదురా" అన్నాడు సించి. "మళ్ళీ ముడి జారితే? ఈసారి నువ్వు చూడకపోతే? ఆ మోకుల మీద పిల్లల్ని ఎత్తుకుని నడుస్తారు. అందుకే రానన్నాను."

మైతా కాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత అన్న పేనుతున్న తాడు తీసుకుని మూడు ముడులు వేశాడు. రెండు గట్టిగా వేశాడు. ఒకటి కావాలని వదులుగా వేశాడు. ఆ వదులు ఎంత కొంచెమంటే, కళ్ళున్నవాళ్ళకి కూడా తేడా తెలీదు. తాడు అన్న చేతిలో పెట్టాడు. సించి బొటనవేలితో తడిమాడు. మొదటిదాని మీద ఆగలేదు. రెండోదాని మీద ఆగలేదు. మూడోదాని దగ్గర ఆగి, "ఇది జారుతుంది" అన్నాడు.

"పోయినేడు నీకు చూపు ఇంతగా పోలేదు కాబట్టి కంటినే నమ్ముకున్నావు. ఈసారి చేతిని నమ్ముకో" అన్నాడు మైతా.

సించి లేచి, తమ్ముడి భుజం పట్టుకుని ఊరి మధ్యకి నడిచాడు. తన చూపు సంగతి అందరికీ తనే చెప్పాడు. కొందరు గొణిగారు. "చూపు లేని మనిషి కట్టిన ముడి మీద మేం కాలు పెట్టాలా?" అన్నాడొకాయన.

"ముందు నేను నడుస్తాను. నేను దాటాక మీ ఇష్టం" అన్నాడు సించి.

మైతా ఈసారి కొండలు చుట్టి తన ఊరికి వెళ్ళాడు. ఇక పని మొదలైంది. కొండకీ భూమికీ మొక్కారు. సన్నతాడు ఒకటి అవతలికి విసిరి, దానికి మోకులు కట్టి, రెండూళ్ళవాళ్ళూ ఇటూ అటూ పట్టి లాగారు. మోకుల్ని రాతి దిమ్మెలకి బిగించారు. పాత వంతెనని కోసేస్తే అది ఏట్లో పడి కొట్టుకుపోయింది.

అప్పుడు అన్నదమ్ములు నడుముకి తాడు కట్టుకుని, చెరో వైపునుంచి మోకుల మీదికి ఎక్కారు. మైతా గబగబా అల్లుతున్నాడు. సించి నిదానంగా అల్లుతున్నాడు. ప్రతి ముడినీ తడిమి, లాగి చూసి, అప్పుడు ముందుకి జరుగుతున్నాడు. మధ్యాహ్నం గాలి లేచింది. మోకులు ఉయ్యాలలా ఊగాయి. ఒడ్డు మీద వాయ్తా నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. సించి మోకుని కావలించుకుని, గాలి తగ్గేదాకా ఉండి, మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా నడుమకి వచ్చారు. సించి తర్వాతి ముడి కోసం చెయ్యి చాపాడు. ఆ చేతికి తాడు తగల్లేదు, మైతా వేళ్ళు తగిలాయి.

"ఇంత చల్లబడిపోయాయేమిట్రా" అన్నాడు సించి. తమ్ముడి చేతుల్ని తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు. చీకటి పడుతోంది, కానివ్వండి అని రెండొడ్డుల నుంచీ కేకలు వేస్తున్నారు. సించి తొందరపడలేదు. ఆ వేళ్ళు వెచ్చబడ్డాకే, ఇద్దరూ కలిసి ఆఖరి ముడి కట్టారు.

మర్నాడు కింద పుల్లలు పరిచి, పైన గడ్డిచాప వేశారు. సించి ఒక్కడే ముందు నడిచాడు. వంతెన కిర్రుమంది గానీ ఒక్క ముడీ జారలేదు. అవతల తమ్ముడింట్లో వేడి దుంపల పులుసు తాగాడు. సాయంత్రానికి లామాలు నడిచాయి. ఆ గొణిగినాయన కూడా, మనవరాలిని చంకనెత్తుకుని, ఏమీ ఎరగనట్టు దాటాడు.

ఆ తర్వాత చూపు ఇంకా తగ్గి, సించి మోకుల మీదికి ఎక్కలేదు. తన ఊరి కుర్రాళ్ళకి పని నేర్పాడు. కానీ ప్రతి ఏడూ ఒడ్డున కూర్చునేవాడు. లోయ మీదికి వెళ్ళే ప్రతి తాడూ ముందు ఆయన చేతుల్లోంచి జారి, ఆయన సరేనన్నాకే వెళ్ళేది.

గడ్డి గడ్డి పేనితే తాడు,
తాడు తాడు అల్లితే తోడు,
కథ కంచి దారిన పోయింది చూడు,
ఇక ఇంట్లో పడుకుందాం మన జోడు.