వెనక్కి వాలిన లింగమయ్య

నల్లమలలోని బారలకొండకు మూడు దారులున్నాయి. తూర్పుది మేకలు నడిచే దారి. ఎక్కడం తేలికే గాని చుట్టు ఎక్కువ. ఉత్తరాన వాగు కోసిన సందులో బండలెక్కుతూ ఒక పూటలో చేరవచ్చు, వానాకాలంలో మాత్రం ఆ దారి నీటిదే. పడమటిది దారి అని పేరేగాని, తొంభై బారల నిలువు రాతిగోడ. దాని అంచుకు నాలుగడుగుల దూరంలో లింగమయ్య వెలసి ఉన్నాడు. వచ్చిన భక్తులందరూ అడిగేది ఒకటే: లింగం ఇలా వెనక్కి ఎందుకు వాలింది, నడుమున ఆ గాడి ఏమిటి? నిటారుగా నిలబెడతానని ఒక మేస్త్రీ మూడు రోజులు పెనుగులాడి, తన నడుమే పట్టేసి దిగిపోయాడట.

పూర్వం ఇక్కడ ఈదమ్మ అనే చెంచు ఇల్లాలు ఉండేది. భర్త బయన్న తాడు కట్టుకుని పడమటి గోడకు దిగి తేనె తీసేవాడు. పైన తాడు పట్టవలసింది భార్య తోడబుట్టినవాడే. చెల్లెలి పసుపుకుంకుమలు తన గుప్పిట్లో ఉన్నాయని ఎరిగినవాడు చేయి వదలడని చెంచుల నమ్మకం. ఈదమ్మ అన్న గురవయ్య ఏళ్ల తరబడి ఆ తాడు పట్టాడు. ఒక ఏడు బయన్న పంచిన అడవిపంది వాటాలో తల తనకు రాలేదని అలిగి, వాగు దిగువకు గుడిసె మార్చుకున్నాడు.

ఆ ఏడే వానలు ముఖం చాటేశాయి. అడవిలో దుంపలు అయిపోయాయి. గోడనున్న తేనె దింపితే తప్ప పిల్లలకు గంజి లేదు. ఈదమ్మ వాగు సందున దిగి అన్నను బతిమాలింది.

“పంది తల పంచనోడికి నేనెందుకు తాడు పట్టాల? పో!” అన్నాడు గురవయ్య.

ఆమె కళ్లు తుడుచుకుంటూ పైకి వచ్చేసరికి, పిల్లల ఏడుపు వినలేక బయన్న తాడును ఒక చెట్టు మొదలుకు కట్టి అప్పటికే దిగిపోయాడు. ఎండిన నేలలో చెట్టు వేళ్లు కదులుతున్నాయి. అది చూసిన ఈదమ్మ పరుగున వెళ్లి తాడు పట్టుకుంది. అంతలోనే చెట్టు పెకలింది. అరచేతులు చీరుకుపోతున్నా వదలక, అంచుదాకా ఈడ్చుకుపోతూ “అన్నా!” అని కొండ దద్దరిల్లేలా అరిచింది.

తాడు ఆగింది. వెనుదిరిగి చూస్తే, అంతకుముందు లేని రాయి ఒకటి నేలలోంచి లేచి, తాడును నడుముకు చుట్టుకుని, మడమలు తన్నిపట్టిన మనిషిలా వెనక్కి వాలి ఉంది. చెల్లెలిని కసిరాక మనసు ఊరుకోక వెంటే ఎక్కి వచ్చిన గురవయ్య కూడా దాన్ని చూశాడు. అది తాను నిలబడవలసిన చోటు. సిగ్గుతో రాయి వెనుక నిలబడి, తాడు అందుకుని బావను పైకి లాగాడు. దింపిన తేనెలో మొదటి దోసెడు ఆ రాతికే పోశారు.

ఆ మధ్యాహ్నం ఈదమ్మకు కునుకు పట్టగా కలలో లింగమయ్య పలికాడు: “అన్నా అని పిలిస్తివి, వచ్చినాను తల్లీ. ఇంక యాడికీ పోను.”

నేటికీ ఫాల్గుణ మాసంలో, అలిగి మాటలు మానుకున్న బావాబావమరుదులు ఒకరు తూర్పున, ఒకరు ఉత్తరాన కొండెక్కుతారు. లింగమయ్య ముందు ఒకే నారతాడు రెండు కొసలు పట్టుకుని తేనెతో అభిషేకం చేసి, ఒకే దారిన దిగుతారు. అలా దిగినవారి ఇళ్లలో పొరపొచ్చాలు నిలవవని ప్రతీతి. గురవయ్య వంశపు పూజారి హారతి వెలిగించే ముందు కొండకు వచ్చిన ప్రతి ఆడపడుచునూ ఒక్క మాట అడుగుతాడు: “మీ అన్న వచ్చినాడా అమ్మా?”

తోడబుట్టినవారు లేని ఆడవాళ్లు ఆ వాలిన రాయిని చూపిస్తారు. పూజారి హారతి వెలిగిస్తాడు.